బొబ్బిలి రెండవ యుద్ధము

బొబ్బిలి యుద్ధమనగానే ఆంధ్రుని హృదయము పులకించును. కథకుని తంబుర మ్రోగినంతనే విజయనగరము, శ్రీకాకుళము మండలముల పల్లెలలో ఆబాలగోపాలమును రచ్చబండ చుట్టును మూగి, తాండ్ర పాపారాయని శౌర్యమును తెల్లవారువరకు విని కన్నీరు విడుచుట మన పెద్దలెరిగినదే. ఆ యుద్ధము 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన జరిగినది. అదే బొబ్బిలిలో నూట యెనుబది సంవత్సరములకు పిమ్మట, 1937వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున, మరియొక యుద్ధము జరిగినది. దానియందు ఫిరంగి మ్రోగలేదు, కోటగోడ కూలలేదు. అయినను కోటలోనివారు ఓడిరి. మొదటి యుద్ధమునుండి మనము వీరత్వమును నేర్చితిమి. రెండవదానినుండి నేర్వవలసినది అంతకంటె నెక్కువ యున్నదని మా యభిప్రాయము.

ఈ రెండవ యుద్ధమున ఓడినవారు బొబ్బిలి సంస్థానాధీశ్వరులును, అప్పటి చెన్నరాజధానికి ముఖ్యమంత్రియు నగు శ్రీ రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావుగారు. గెలిచినవారు బరంపురమునకు చెందిన శ్రీ వరాహగిరి వెంకటగిరిగారు. వీరు ఐర్లండు దేశపు రాజధానియగు డబ్లిన్ నగరమున న్యాయశాస్త్రము చదివినవారు. బొబ్బిలి రాజావారి జీవితమును చదువునపుడు, గిరిగారు విద్యార్థిగా నున్న ఆ నగరముననే సైనికోద్యోగిగానున్న ఒక ఐరిష్ భూస్వామి జీవితమును గూడ ప్రక్కన పెట్టుకొని చదివినచో, ఈ యుద్ధముయొక్క అర్థము తేటపడును. భూమి కలవాడు ప్రజాక్షేత్రమున అడుగు పెట్టినపుడు ఆతనికి రెండు త్రోవలు కలవు. ఆ రెండును ఎక్కడికి పోవునో ఈ చరిత్రలు చెప్పుచున్నవి.

కత్తి సంపాదించిన భూమి

బొబ్బిలి వారిది వెలమ వీరవంశము. వెంకటగిరి ప్రభువంశమునకు శాఖ. పదునేడవ శతాబ్దమున శ్రీకాకుళపు ఫౌజుదారు వెంట దండుతో వచ్చి, చేసిన సైనికసేవకు ప్రతిఫలముగా ఆ వంశ మూలపురుషుడు ఈ భూమిని పొందెనని సంస్థాన చరిత్రము చెప్పుచున్నది. నాడు భూమి కత్తికి కూలి. కత్తి పట్టినవాడు పల్లెను కాచెను. పల్లె వానికి పంట పెట్టెను. ఈ యొప్పందము న్యాయమైనదో కాదో యను చర్చ యటుండ, అందు ఇచ్చిపుచ్చుకొనుట యనునది యుండెననుట మాత్రము నిజము.

1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువగు పూసపాటి పెద విజయరామరాజు ప్రోత్సాహమున బొబ్బిలి కోటను ముట్టడించినపుడు ఆ వంశము తన కత్తి ఋణమును తీర్చుకొన్నది. రంగారావుగారు రణమున నేలకొరిగిరి. అంతఃపుర స్త్రీలు శత్రువు చేత జిక్కక ముందే ప్రాణములు విడిచిరి. కొద్ది రాత్రులకే పాపారాయుడు శత్రుశిబిరము జొచ్చి విజయరామరాజును హతమార్చెను. వంశాంకురముగా మిగిలినవాడు ఒక్క పసిబాలుడు. విజయనగరమువారును కత్తికి వెనుదీసినవారు కారు. 1794వ సంవత్సరము జూలై 10వ తేదీన పద్మనాభము వద్ద చిన విజయరామరాజు కుంఫిణీ సేనల నెదిరించి, తనవారితో గూడ ప్రాణములర్పించిన కథ మన మండలమున ఎరుగనివారు లేరు.

ఇట్లు ఒక తరము బొబ్బిలిలోను, మరియొక తరము పద్మనాభములోను నెత్తురు ధారపోసిన పిమ్మట 1802లో శాశ్వత పైసలా వచ్చినది. కుంఫిణీవారు జమీందారుల చేతిలోని కత్తిని తీసికొని, సన్నదును పెట్టిరి. ఏటేట పేష్కషు చెల్లించినంతవరకు భూమి వారిది. పల్లెను కాచు పని పోలీసులకు పోయినది. తీర్పు చెప్పు పని కోర్టులకు పోయినది. శిస్తు వసూలు చేయు పని మాత్రము మిగిలినది. ఠాణాదారులు, అమీనులు, నజరానాలు, వెట్టిచాకిరి మిగిలినవి. ఇచ్చిపుచ్చుకొనుటలో ఇచ్చుట పోయి పుచ్చుకొనుట నిలిచినది. జమీందారీ విధానమునకు పట్టిన తెగులు ఇదియే గాని, ఏ యొక్క జమీందారుని దుర్గుణమును గాదు. 1908వ సంవత్సరపు ఎస్టేట్ల భూమి చట్టము రైతునకు సాగుహక్కు నిచ్చి ఈ తెగులునకు కొంత మందు వేసినది. వేరు మాత్రము చావలేదు.

యువరాజు, ముఖ్యమంత్రి

శ్రీ రామకృష్ణ రంగారావుగారు 1901వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన జన్మించిరి. దొరల శిక్షణలో ఇంటివద్దనే విద్య నేర్చిరి. 1921లో తండ్రిగారు స్వర్గస్థులుకాగా ఇరువది యేండ్ల ప్రాయమున గద్దె నెక్కిరి. 1925లో ఢిల్లీలోని రాష్ట్రసభలో సభ్యులైరి. 1930లో చెన్నపురి శాసనసభలో ప్రవేశించిరి. తాత ముత్తాతలు గుర్రమెక్కి చేసిన దండయాత్రను వీరు శాసనసభా వేదికపై చేయబూనిరి. వీరవంశజునికి రాజకీయము సహజముగనే క్రొత్త రణరంగమై తోచెను.

ఆ కాలమున చెన్నరాజధానియందు జస్టిసు పార్టీ యధికారమున నుండెను. 1916లో బ్రాహ్మణేతరుల యభ్యున్నతికై వెలసిన ఆ పార్టీ తొలిదినములలో మేలైన పనులు కొన్ని చేసినది. ఉద్యోగములలో అన్ని కులములవారికి భాగము కల్పించుట, దేవాలయముల యాస్తులను కాపాడుటకై దేవాదాయ చట్టము చేయుట మొదలగువానిని ప్రతిపక్షులు సైతము కాదనజాలరు. కాని 1928లో పానగల్లు రాజావారు గతించిన పిమ్మట పార్టీలో పగుళ్లు బయలుదేరెను. 1930లో ముఖ్యమంత్రియైన శ్రీ బొల్లిని మునుస్వామినాయుడుగారు జమీందారు కారు. చిత్తూరు మండలపు మధ్యతరగతి గృహస్థు. ఆయన నాయకత్వము పెద్ద జమీందారులకు రుచింపలేదు. 1932లో తంజావూరున జరిగిన పార్టీ మహాసభలో కలహము చెలరేగెను. పిదప మునుస్వామినాయుడుగారు పదవిని వీడిరి. ఆ సంవత్సరము నవంబరు 5వ తేదీన బొబ్బిలి రాజావారు ముఖ్యమంత్రి యైరి. అప్పటికి వారి వయస్సు ముప్పదియొక్క సంవత్సరము.

రాజావారి గుణములను మేము తగ్గించి చెప్పము. చిన్న వయస్సున పెద్ద బరువు నెత్తుకొనిరి. కార్యదక్షత గలవారనియు, వెనుదీయని పట్టుదలగలవారనియు పేరు పొందిరి. 1936లో ఎస్టేట్ల భూమి చట్టమునకు జరిగిన సవరణవలన ఇనాము గ్రామముల రైతులకును సాగుహక్కు సంక్రమించెను. అది మేలైన పనియే. కాని సామాన్యులు దానినిచూచి మరియొక ప్రశ్న వేసిరి: ఇనాముదారుని చేతినుండి రైతును విడిపించిన ప్రభుత్వము, జమీందారుని చేతినుండి విడిపింప నేల వెనుదీసెను? ఈ ప్రశ్నకు ఉత్తరము మంత్రివర్గమున లేదు. ఉండుటకు వీలులేదు. ఏలయన, ఆ ప్రశ్న మంత్రివర్గ నాయకుని ఇంటి గుమ్మముననే నిలిచియున్నది.

స్థానిక స్వపరిపాలన విషయమునను ఇట్లే జరిగెను. 1934లో తాలూకా బోర్డులు రద్దయ్యెను. చెన్నపురి కార్పొరేషనునకు ప్రభుత్వమువారే కమిషనరును నియమించు చట్టము వచ్చెను. పరిపాలన చక్కబరచుటకే ఇవి చేసితిమని మంత్రులు చెప్పిరి. ఎన్నికైన సభ్యుల చేతులు కట్టి, నియమితులైన యధికారుల చేతులు విప్పుటయే స్వపరిపాలనమా యని పట్టణవాసు లడిగిరి. ఇంతలో ప్రపంచమంతటను వ్యాపించిన ఆర్థికమాంద్యము పల్లెలను పట్టి పీడించుచుండెను. ధాన్యము ధర పడిపోయెను; శిస్తు మాత్రము పడలేదు. పుట్టి ధాన్యమమ్మి కిస్తు చెల్లింపజాలని రైతు, నెలకు నాలుగువేల రూపాయలకు పైబడిన మంత్రుల జీతమును గూర్చి వినెను. 1931లో కరాచీ కాంగ్రెసు మంత్రుల జీతము నెలకు ఐదువందలు మించరాదని తీర్మానించినదనియు వినెను. రైతునకు లెక్కలు చేయుట ఎవ్వరును నేర్పనక్కరలేదు.

1936 ఏప్రిలులో రాజావారు కొన్ని మాసములు పదవినుండి తొలగగా శ్రీ పి.టి. రాజన్‌గారు ఆ స్థానమున నుండిరి. ఆగస్టులో రాజావారు మరల ముఖ్యమంత్రియైరి. 1935వ సంవత్సరపు ఇండియా చట్టము ననుసరించి ఎన్నికలు ముంచుకొనివచ్చెను.

పసుపుపెట్టె

ఆ యెన్నికలలో వోటుహక్కు అందరికిని లేదు. ఆస్తి, పన్ను, చదువు ఉన్నవారికే యుండెను. దేశజనాభాలో ఏడవవంతునకు మించనివారికే ఆ భాగ్యము కలిగెను. అనగా బొబ్బిలిలో వోటు వేయవచ్చినవారు కూటికి లేని నిరుపేదలు కారు; పట్టాదారులు, పన్ను చెల్లించు రైతులు, వర్తకులు, పట్టణవాసులు, మా పాఠకుల తాతతండ్రులవంటివారు. ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. రాజావారిని ఓడించినది భూమిలేని మూక యని యెవరైన చెప్పినచో అది సత్యము గాదు. భూమి గలవారే ఓడించిరి.

గిరిగారు ఆ ప్రాంతమునకు పూర్తిగా పరాయివారు కారు గాని, స్థానబలము లేనివారు. వారి జన్మస్థానమగు బరంపురము 1936 ఏప్రిల్ 1వ తేదీన ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రములో చేరిపోయెను. వారికి కోట లేదు, దివాణము లేదు, అమీనులు లేరు. 1927లో ఖరగపురమున బెంగాల్–నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెను నడిపిన కీర్తి కలదు. కాంగ్రెసు జెండా కలదు. ముఖ్యమంత్రిని, ఆయన సొంత సంస్థానమున, ఆయన కోటనీడలో ఎదిరించుట సాహసమని పలువురు నవ్విరి.

కాంగ్రెసునకు ఆ యెన్నికలలో పసుపుపచ్చని పెట్టె యిచ్చిరి. చదువురాని వోటరు సైతము రంగును గుర్తించి చీటిని వేయగలడు. పసుపు మనయింట శుభకార్యమునకు మొదటి వస్తువు. గడపకు పూయునది, ముత్తైదువు మెడనుండునది. ఆ రంగే ఆ పార్టీకి లభించుట కాకతాళీయమైనను, ప్రచారమునకు కలిసివచ్చెను. కాని రంగువలన ఎవ్వరును గెలువరు. తెరవెనుక ఒంటరిగా నిలిచి, ఠాణాదారు చూడకుండ, అమీను వినకుండ, చీటిని తనకు నచ్చిన పెట్టెలో వేయుట మన మండలపు రైతునకు అబ్బిన గొప్ప స్వాతంత్ర్యము. ఉదయము దివాణమున చేతులు కట్టుకొని నిలిచినవాడే మధ్యాహ్నము తెరవెనుక నిటారుగా నిలిచెను.

పెట్టెలు తెరచి చూడగా ముఖ్యమంత్రి ఓడిరి. రాష్ట్రమంతటను అట్లే జరిగెను. 215 స్థానములు గల శాసనసభలో కాంగ్రెసునకు 159 లభించెను. పదునేడు సంవత్సరములలో అధికభాగము రాజ్యమేలిన జస్టిసు పార్టీ ఒక్క యెన్నికతో చితికిపోయి, మరల ఆ రూపమున లేవలేదు. ఆ సంవత్సరమే జూలైలో శ్రీ రాజగోపాలాచారిగారి మంత్రివర్గము ఏర్పడగా గిరిగారు అందు కార్మికశాఖ మంత్రి యైరి. మంత్రుల జీతము ఐదువందల రూపాయలకు దిగెను.

డబ్లిన్ నగరమున ఒక వసంతకాలము

ఇప్పుడు ఇరువది యొక్క సంవత్సరములు వెనుకకు పోవుదము. గిరిగారు 1913లో న్యాయశాస్త్రము చదువుటకై డబ్లిన్ నగరమునకు పోయిరి. 1916వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన, ఈస్టరు పండుగ సోమవారమునాడు, ఐరిష్ దేశభక్తులు ఆ నగరపు పెద్ద తపాలా కార్యాలయమును పట్టుకొని స్వతంత్ర ప్రభుత్వమును ప్రకటించిరి. వారమురోజులలో ఆంగ్లసేన ఫిరంగులతో నగరమధ్యమును నేలమట్టము చేసి తిరుగుబాటు నణచెను. నాయకులను వరుసగా కాల్చి చంపిరి. వారిలో మాక్‌డోనా యను కవి గిరిగారు చదివిన విశ్వవిద్యాలయముననే అధ్యాపకుడు. కానలీ యను కార్మికనాయకుడు గాయములచేత నిలువలేకుండగా, కుర్చీకి కట్టి కాల్చిరి. గిరిగారు ఆ యేడాదియే స్వదేశమునకు మరలిరి. కార్మికసేవయే తమ జీవితధర్మమని వారు నిశ్చయించుకొనుటకు ఆ నగరము కారణమైనది.

అదే వారమున అదే నగరమున ఆంగ్లసేన దుస్తులు ధరించియున్న యొక ఐరిష్ భూస్వామి కలడు. ఆయన పేరు రాబర్ట్ బార్టన్. 1881లో జన్మించెను. విక్లో మండలమున గ్లెండలాక్ అను విశాలమైన ఎస్టేటు ఆయనది. మతమున ప్రొటెస్టెంటు, విద్య ఇంగ్లండులోని రగ్బీ, ఆక్స్‌ఫర్డులలో. ఆ తరగతివారు సాధారణముగా ఆంగ్ల సామ్రాజ్యమునకు కొమ్ములు కాచినవారు. మొదటి ప్రపంచయుద్ధము రాగా ఆయనయు కులాచారము ననుసరించి సేనలో చేరి, డబ్లిన్ దళమున ఉద్యోగి యయ్యెను. ఆయన తమ్ములిద్దరు ఆ యుద్ధమున ప్రాణములు గోలుపోయిరి. ఇంతవరకు ఆయన కథకును, మన సంస్థానాధీశుల కథకును భేదము లేదు. భూమి, వంశము, రాజభక్తి, కత్తి.

తిరుగుబాటు అణగిన పిదప రిచ్‌మండ్ సైనికనివాసమున బంధింపబడిన ఖైదీల వస్తువులను భద్రపరచు పని బార్టనుగారికి అప్పగించిరి. చనిపోవుటకు సిద్ధపడిన యువకుల గడియారములు, ఉత్తరములు, జపమాలలు ఆయన చేతికి వచ్చెను. వారి తల్లులును, భార్యలును ఆయన యెదుటకు వచ్చిరి. తాను కాపలాకాయుచున్నది దొంగలను గాదనియు, తన దేశస్థులననియు ఆయన గ్రహించెను. ఉద్యోగమునకు రాజీనామా యిచ్చి, ఏ పక్షమును అణచుటకు వచ్చెనో ఆ పక్షమునందే చేరెను.

1918 ఎన్నికలలో విక్లో ప్రజలు ఆయనను సిన్‌ఫెయిన్ పక్షమున ఎన్నుకొనిరి. 1919 ఫిబ్రవరిలో రాజద్రోహ నేరమున పట్టుబడి మౌంట్‌జాయ్ కారాగారమునకు పోయెను; మార్చిలో కిటికీ చువ్వలు కోసి తప్పించుకొనెను. ఇచ్చట సౌకర్యములు చాలకపోవుటచే వెడలుచున్నానని జైలరునకు చీటి వ్రాసిపెట్టి పోవుటలో ఆ భూస్వామి తన మర్యాదను మరువలేదు! ప్రచ్ఛన్న ప్రజాప్రభుత్వమున వ్యవసాయశాఖను వహించి, చిన్న రైతులు భూమి కొనుటకు అప్పిచ్చు జాతీయ భూమి బ్యాంకును స్థాపించెను. ఈ బ్యాంకు విషయము మా పాఠకులు చక్కగా గమనింపవలెను. వేల యెకరముల వారసుడు, ఎకరము లేనివానికి ఎకరము చేకూర్చుటకై బ్యాంకు పెట్టెను. 1920లో మరల జైలునకు పోయి, 1921 జూలై సంధికాలమున బయటికి వచ్చెను. ఆ సంవత్సరము డిసెంబరు 6వ తేదీన లండనులో ఒడంబడికపై చేవ్రాలు చేసిన ఐదుగురిలో ఆయనయు ఒకడు. తీవ్రయుద్ధము తప్పదను బెదరింపు నడుమ చేవ్రాలు చేసి, దానిని గూర్చి తుదివరకు వ్యథ చెంది, అంతర్యుద్ధమున ఒడంబడిక వ్యతిరేకుల పక్షమున నిలిచెను. ఆయన బంధువగు ఎర్స్కిన్ చైల్డర్సును 1922 నవంబరులో క్రొత్త ప్రభుత్వమువారే కాల్చి చంపిరి. పిదప బార్టనుగారు 1934 మొదలు ఇరువది సంవత్సరములు రైతులకు పరపతి కల్పించు సంస్థకు అధ్యక్షుడుగా నుండి, 1975లో తొంబదినాల్గవ యేట స్వగృహమున మరణించెను.

ఐర్లండున ఈ త్రోవకు ఆయన మొదటివాడు కాడు. 1879లో కౌలుదారుల భూమిసంఘమునకు అధ్యక్షుడైన పార్నెల్ కూడ విక్లో మండలపు భూస్వామియే. భూస్వామియే భూస్వామ్యమునకు ఎదురు నిలిచెను. ఆ యుద్యమఫలముగా 1903లో వచ్చిన చట్టమువలన సర్కారు అప్పుతో రైతులు తాము దున్నుచున్న భూమిని కొనుక్కొనిరి. భూస్వాములకు ధరయు ముట్టెను, ప్రభుత్వమిచ్చు అదనపు సొమ్మును ముట్టెను.

రెండు త్రోవలు

బొబ్బిలి రాజావారికిని బార్టనుగారికిని తెలివిలో గాని, ధైర్యములో గాని హెచ్చుతగ్గులు చూపుట మా యుద్దేశము గాదు. భేదము మరియొక చోట కలదు. ఒకరు ప్రజాక్షేత్రమునకు వచ్చునపుడు తన కోటను వెంటబెట్టుకొని వచ్చిరి. మరియొకరు కోటను వెనుక విడిచి వచ్చిరి. రాజావారు అధికారమును పెద్దల మధ్య సంపాదించిరి; పార్టీసభలలో గెలిచిరి, గవర్నరు మందిరమున గెలిచిరి. తెరవెనుక నిలిచిన తమ రైతునొద్దకు వచ్చునప్పటికి ఆయనతో చెప్పుటకు మాట లేకపోయెను. బార్టనుగారికి పెద్దల సభలో స్థానము పోయెను, స్వజాతివారి స్నేహము పోయెను. కాని ఓటుకొరకు ఆయన జనుల ఇంటికి పోయినపుడు వారు తమవాడని లేచి నిలిచిరి.

కొందరు ఇట్లు వాదింపవచ్చును: బార్టన్ తన ప్రభువులపై తిరుగుబాటు చేసెను, రాజావారు చట్టబద్ధముగా పరిపాలించిరి, రెంటిని పోల్చుట న్యాయమా? ఈ యాక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. సంస్థానాధీశుడు పేష్కషు ప్రభుత్వమునకు బద్ధుడు; సన్నదు ఆయన మెడకు కట్టిన త్రాడు. కాని 1757లో ఆయన పూర్వులు బుస్సీ ఫిరంగులకు వెరువక మానమునకై ప్రాణములిచ్చిరే! ఆ వంశపు కీర్తి యంతయు పెద్ద బలమునకు తలయొగ్గకుండుటలో నున్నది. ఆ కీర్తిని గద్దెపై పరచుకొని కూర్చుండి, దానిని గడించిన ధర్మమును వదలుకొనిన యెడల ఏమి ప్రయోజనము? పాపారాయడు రైతుల పక్షముననుండి చూచినచో 1937లో ఏ పెట్టెలో చీటి వేసియుండునో పాఠకులే యూహింపవలెను.

పిమ్మటి చరిత్రము వేగముగా నడచెను. 1937లోనే ఇచ్ఛాపురమునుండి చెన్నపురికి రైతుల రక్షణయాత్ర బయలుదేరెను. శ్రీ ప్రకాశంపంతులుగారి అధ్యక్షతన జమీందారీ విచారణసంఘము ఏర్పడి 1938లో నివేదిక నిచ్చెను. సమయమున దాని నాచరింపక పోవుటచేత ఫలితము విషమించెను. 1940వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన మందసా జమీందారీలోని గుడారి రాజమణిపురమున పోలీసు కాల్పులకు గున్నమ్మ యను రైతుస్త్రీ బలియయ్యెను. ఆమెకు కోట లేదు, వంశచరిత్ర లేదు. కాని బొబ్బిలి వీరులకును, పద్మనాభ వీరులకును ఆమె తీసిపోదు. తుదకు 1948లో ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చి, 1802నాటి సన్నదులను చరిత్రములో కలిపివేసెను. పదియేండ్ల ముందు కలము చేయవలసిన పనిని ఆలస్యము చేసి, నెత్తురు కలిపి చేసికొంటిమి.

రాజావారును కాలముతో కొంత నడచిరనుట న్యాయము. 1946లో ఏర్పడిన రాజ్యాంగసభలో వారు సభ్యులైరి. తమ యోటమికి కారణమైన వోటును, ఆస్తితో నిమిత్తము లేకుండ వయోజనులందరికిని ఇచ్చిన రాజ్యాంగము ఆ సభయందే పుట్టెను. వారు 1978లో పరమపదించిరి. వారిని జయించిన గిరిగారు 1969 మొదలు 1974 వరకు భారత రాష్ట్రపతిగా నుండి, 1980లో గతించిరి.

మన మండలమున బార్టనుగారి త్రోవ నడిచినవారు లేకపోలేదు. విజయనగరపు తుది మహారాజగు శ్రీ పూసపాటి విజయరామ గజపతిరాజుగారు 1924లో జన్మించిరి. యౌవనముననే సోషలిస్టు పార్టీలో చేరి, 1952లో శాసనసభకును, 1957లో లోక్‌సభకును ప్రజల వోటుతో పోయిరి. పిమ్మట ఆంధ్రప్రదేశ్‌లో మంత్రిపదవిని వహించిరి. 1958లో తండ్రిగారి పేర విద్యాసంస్థను నెలకొల్పి, పూర్వుల కోటను కళాశాలలకు విడిచిరి. పద్మనాభమున ముత్తాత కత్తితో దేశఋణమును తీర్చగా, ఈయన కోటతో తీర్చిరి. 1995లో వారు పరమపదించినపుడు, ఆయన కోటలో చదివినవారు ఊరూర నుండిరి. ఇంతకంటె రాజునకు కావలసినదేమి? బొబ్బిలి వంశీయులును 2004లో అదే బొబ్బిలినుండి, ఇంటింటికి తిరిగి వోటడిగి, శాసనసభకు ఎన్నికైరి. 1937లో నేర్చిన పాఠమును కోటయు మరువలేదనుటకు ఇదియే తార్కాణము.

మాకు తోచునది

నేడు జమీందారులు లేరు. కాని భూమి కలవారును, లేనివారును ఉన్నారు. రాజకీయములలో ప్రవేశించు పలుకుబడిగలవారును ఉన్నారు. దివాణమునకు మారుగా గుత్తేదారుని మేడ వచ్చినది. అమీనునకు మారుగా అనుచరుడు వచ్చినాడు. నాగావళి, వంశధార తీరములనుండి కూలికై దూరదేశములకు రైలెక్కి పోవు జనము నేటికిని ఉన్నారు. పేరు మారినను, గుమ్మముననున్న ప్రశ్న మారలేదు: నీవు పుచ్చుకొనుచున్నదానికి బదులు ఏమి ఇచ్చుచున్నావు?

వంశగౌరవము పెద్దలు వ్రాసిపెట్టిన ఆస్తి గాదు. అది పల్లె ఇచ్చిన చేబదులు. ప్రతితరమును దానికి వడ్డీ కట్టవలెను. పూర్వులు ప్రాణముతో కట్టిరి. బార్టనుగారు జైలుతో కట్టిరి. విజయనగరాధీశులు కోటతో కట్టిరి. కట్టనివారినుండి పల్లె ఏమియు లాగికొనదు, కేకలు వేయదు. తెరవెనుకకు పోయి చీటి మడిచి పెట్టెలో వేయును. మొదటి బొబ్బిలి యుద్ధమున ఫిరంగులధ్వని నలుదిక్కుల వినవచ్చెను. రెండవ యుద్ధమున కాగితము మడత చప్పుడుకూడ పైకి వినరాలేదు. అయినను కోట గెలువలేకపోయినది ఆ చప్పుడునే.

మన మండలముల భూస్వాములును, పట్టణప్రముఖులును, ప్రజాసేవకు నడుము కట్టదలచిన యువకులును పాపారాయని కథను వినినట్లే ఈ కథను గూడ విందురుగాక యని కోరుచున్నాము.